బదులుగా కోరుకున్నది

జూన్ 3

మామయ్యా,

ఫోను చేస్తే కటింగ్ మిషను పక్కన నిలబడి "ఆఁ? ఆఁ?" అంటావు. నేను అరిచి చెప్పేది హాస్టలంతా వింటుంది, నీకు తప్ప. అందుకే ఈ ఉత్తరం. అత్తయ్యకి చదివి వినిపించు, మధ్యలో నీ సొంత కవిత్వం మాత్రం కలపకు.

నాకు గది వచ్చింది! నా ఒక్కదానికే! మూడేళ్ళుగా ఈ గోదాము హాస్టల్లో ఎనిమిదిమందిమి ఒకే గదిలో ఉన్నాం కదా. ఒకరు డ్యూటీకి లేస్తుంటే ఇంకొకరు వచ్చి అదే పక్క మీద పడేవాళ్ళం. ఇప్పుడు మూడో అంతస్తులో, చివరి నుంచి రెండోది నాది. ఒక మంచం, బట్టలు తగిలించుకోవడానికి మూడు మేకులు, చెయ్యి పట్టేంత కిటికీ. తలుపుకి లోపలివైపు గడియ. వచ్చిన రోజున ఆ గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకున్నాను. పిచ్చిదాన్ని అనుకో.

ఎలా వచ్చిందంటే, ఒకటో తారీఖున ఆఫీసులో అందరికీ ఒక కాగితం ఇచ్చారు. హక్కు విడుదల పత్రం అట. ఈ వార్డు ఓటర్ల జాబితాలోంచి నా పేరు నా ఇష్టపూర్వకంగా తీసేయించుకుంటున్నాను అని ఉంది. మధ్యలో ఒక గడి, 'బదులుగా కోరుకున్నది' అని. అది మన చేతిరాతతో నింపి అడుగున సంతకం పెట్టాలి. ఒకడు ఫోను రాశాడు, ఒకమ్మాయి పగటి డ్యూటీ రాసింది. నేను 'గడియ ఉన్న గది' అని రాశాను. నాలుగు వందల మందిలో పెట్టనివాళ్ళు ఇరవై మంది కూడా లేరు. మనసు మారితే తొంభై రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చట. ఎవరు తీసుకుంటారు, చెప్పు!

రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటున్నాను. నిద్ర ఎంత బాగుంటుందో మర్చిపోయాను మామయ్యా.

నీ చిట్టెలుక


జూన్ 11

చిట్టెలుకా,

నీ ఉత్తరం అత్తయ్యకి రెండుసార్లు చదివాను. కవిత్వం కలపలేదు. గడియ దగ్గరికి రాగానే "ఇత్తడిదా, ఇనపదా, కనుక్కో" అంది. రాయకపోతే నా ప్రాణం తోడేస్తుంది, వెంటనే రాయి.

ఆ ఊరి జాబితాలోంచి తీయించి పేరు మన ఊరికి మార్పించుకున్నావన్నమాట. మంచి పని. ఉద్యోగం ఎక్కడైనా చేసుకో, పేరు మాత్రం ఇంటి దగ్గర ఉండాలి. మన వీధి జాబితా బైండింగుకి రాగానే అత్తయ్యచేత నీ పేరు వెతికిస్తాను. నేను చదవనని తెలుసుగా. మా నాన్న పెట్టిన నియమం అది. కాగితం మీద ఏముందో చూడ్డం మొదలుపెడితే చెయ్యి ఆగిపోతుంది, పేజీలు తారుమారవుతాయి అనేవాడు. ముప్పై అయిదేళ్ళుగా పేజీ నంబరు తప్ప ఒక్క ముక్క చదవకుండా కుడుతున్నాను. పెళ్ళి శుభలేఖలకి కూడా అంతే. ఎవరి పెళ్ళో నాకు తెలిసేది భోజనాలప్పుడే.

పని నెత్తి మీదికొచ్చింది. మీ ఊరివి కూడా కలిపి, ఆఫీసుల్లో దాచుకునే రికార్డు కాపీలన్నీ ఈసారి నాకే ఇచ్చారు. గట్టి అట్ట, గుడ్డ వీపు, వందేళ్ళు నిలవాలి. ఆగస్టు ఆఖరికి అప్పగించాలి. పైగా ఆఫీసు గుమాస్తా రెండు బస్తాల వాడేసిన ఫారాలు పంపాడు, అట్టల్లోపల అతికించుకోమని. "చదవకు, వాడెయ్" అన్నాడు. నాకా చెప్పేది! ఎంత మంచి కాగితమనుకున్నావు, దళసరిగా, ఒకవైపే అచ్చు. మైదా ఉడకేసి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి పట్టిస్తే రాయిలా కూర్చుంటోంది. చిన్నప్పుడు నువ్వు జిగురు నాకేదానివని ఆ మైలుతుత్తం డబ్బా అటకెక్కించాం, గుర్తుందా? విషమమ్మా అంటే వినేదానివా!

వేళకి తిను.

మామయ్య


జూన్ 20

మామయ్యా,

గడియ ఇనపదే. అత్తయ్యకి చెప్పు. కొంచెం తుప్పు పట్టింది కానీ గట్టిది.

నువ్వు మళ్ళీ సగమే విన్నావు, ఉత్తరంలో కూడా! పేరు మన ఊరికి మార్చుకోలేదు. తీసేశారు. ఎక్కడా లేదు. నేనిప్పుడు ఏ జాబితాలోనూ లేని మనిషిని. దానివల్ల నాకు ఒళ్ళు నొప్పి పుట్టలేదు, తిండి మానలేదు. అత్తయ్యని అనవసరంగా వెతికించకు, కళ్ళనొప్పులు.

పక్క గదిలో, ఆ చివరిదాంట్లో, ఒక పిల్ల ఉంది. ఉబ్బసం. ఊపిరి తీస్తే ఈల వేసినట్టుంటుందని అందరం ఈల అనే పిలుస్తాం. దానికి కోపం రాదు, "దూరం నుంచే తెలిసిపోతుంది, సూపర్వైజరు దొంగ అనుకోడు" అంటుంది. మా ఇద్దరికీ మధ్య గోడ పలచన. అది రెండుసార్లు తడుతుంది, నేను రెండుసార్లు తడతాను. ఉన్నావా అంటే ఉన్నాను అని. అంతే మా కబుర్లు. తట్టి పడుకుంటాం.

వచ్చే నెల అయిదున ఇక్కడ కౌన్సిలు ఎన్నికలు. మా వార్డుకి టీచరమ్మ ఉంది, రిటైరైన పంతులమ్మ. హాస్టళ్ళలో ప్రతి గదికీ లోపల గడియ ఉండాలి, బయట ఉండకూడదు, నెలకోసారి తనిఖీ జరగాలి అని రూలు తెచ్చింది ఆవిడే. మంచిదే. ఆవిడ ఎలాగూ గెలుస్తుంది. నేనొక్కదాన్ని వెయ్యకపోతే ఆగుతుందా?

నీ చిట్టెలుక


జూన్ 29

నీ ఉత్తరం చదివి అత్తయ్యకి వినిపించలేదు. ఏం వినిపించమంటావు?

మీ వార్డు పుస్తకం చేతిలోకి తీసుకోగానే నాకు అనుమానం వచ్చింది. పోయినసారి నా బొటనవేలంత మందం ఉండేది. ఈసారి చిటికెన వేలంత కూడా లేదు. పేజీలు తక్కువ పంపారేమోనని నంబర్లు రెండుసార్లు సరిచూశాను. అన్నీ ఉన్నాయి. మనుషులే లేరు. నాలుగు వందల మంది కుర్రకారు కట్టకట్టుకుని అమ్ముకున్నారని నువ్వు రాస్తేగాని తెలియలేదు.

ఒక గడియకా? ఇనప గడియకా! అడిగితే నేను పంపేవాణ్ణి కదే, పోస్టులో! మీ అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. కటింగ్ మిషను బల్ల కింద పడుకోబెట్టుకుని పెంచాను. ఇంత చదివించింది ఇందుకా? ఫోనుకీ మంచానికీ సంతకాలు పెట్టిన ఆ మందలో నా మేనకోడలు ఉందని ఎవరికైనా చెప్పుకోగలనా? నలుగురికీ తెలిస్తే తలెత్తుకోలేను.

సిగ్గు అనిపించిన రోజున ఉత్తరం రాయి.

మామయ్య

(మీ మామయ్య కవరు అంటించమని నా చేతికిచ్చాడు. చదివాను. కోపంలో రాశాడు, మనసులో పెట్టుకోకు. రాత్రి అన్నం తినలేదు. గడియకి కొబ్బరినూనె రాయి, తుప్పు పోతుంది. అత్తయ్య)


జూలై 8

మామయ్యా,

నాకు సిగ్గు లేదు. అయినా రాస్తున్నాను.

ఎనిమిదిమంది గదిలో గడియ వేసుకోవడం కుదరదు. ఎప్పుడూ ఎవరో ఒకరు డ్యూటీకి పోతారు, ఎవరో ఒకరు వస్తారు. కాబట్టి తలుపు తీసే ఉండాలి. సూపర్వైజరు హాజరు చూసుకోవడానికి వచ్చేవాడు. నిద్రపోతున్నవాళ్ళ దుప్పటి తీసి ముఖం చూసేవాడు. ముఖంతో ఆగేవాడు కాదు. మూడేళ్ళు నేను బూట్లు వేసుకుని పడుకున్నాను, లేచి పరిగెత్తడానికి వీలుగా. నీకు ఏనాడూ చెప్పలేదు. చెబితే ఫోనులో "ఆఁ?" అనేవాడివి, నేను రెండోసారి అరిచి చెప్పలేను అది.

ఈ గదిలో మొదటిరోజు బూట్లు విప్పాను. నా ఓటు మూడేళ్ళలో నా తలుపు వెయ్యలేదు. నా సంతకం ఒక్కరోజులో వేసింది. ఏది పనికొచ్చినట్టు?

ఇంకొకటి అడుగుతాను, కోప్పడకుండా చెప్పు. నేను నీ ఇంట్లో పదహారేళ్ళు పెరిగాను. పోలింగు రోజున షాపు మూసి నువ్వు వెళ్ళడం ఒక్కసారైనా చూడలేదు. నువ్వు ఎన్నిసార్లు వేశావు?

టీచరమ్మ ఓడిపోయింది. చాలా తేడాతో. ఫలితం చెప్పిన రోజు ఆవిడ హాస్టలు గేటు దగ్గరికొచ్చి కాసేపు నిలబడి వెళ్ళిందట. నేను నిద్రలో ఉన్నాను.

చిట్టెలుక


జూలై 17

అమ్మా,

వెయ్యలేదు. ఇరవై రెండేళ్ళయింది.

కారణం పెద్దదేమీ కాదు. ఆ రోజుల్లోనే పని ఎక్కువ ఉండేది, చేతులకి జిగురు, కడుక్కుని క్యూలో నిలబడితే ఉడికించింది గట్టిపడిపోతుంది. సాయంత్రం వెళదాం అనుకునేవాణ్ణి. సాయంత్రానికి మూసేసేవారు. ఏటేటా అందరి పేర్లూ దారం వేసి కుడుతున్నాను కదా, నా వంతు చేసినట్టే అనుకునేవాణ్ణి. నిన్ను అన్న మాటలు నన్ను నేను అనుకోవాల్సినవి. నేను ఏమీ కోరుకోకుండా ఊరికే వదిలేశాను. నువ్వు గదైనా అడిగావు.

ఆ బూట్ల సంగతి చదివాక కటింగ్ మిషను ఆపేసి కూర్చున్నాను. నా చెవులు చెడింది ఆ మిషను వల్లే. దాన్ని తిట్టుకున్నాను. అత్తయ్యకి చెప్పాను. అది ఏడుస్తూ లోపలికి వెళ్ళి, మన షాపు పాత తలుపుకుండే ఇత్తడి గడియ తెచ్చి నా ముందు పెట్టింది. పార్సిల్లో పంపుతున్నాను. నాలుగు మరలు కూడా ఉన్నాయి. ఇనపదాని పైన ఇది కూడా బిగించుకో. రెండుంటే మంచిది.

మామయ్య


ఆగస్టు 2

మామయ్యా,

గడియ అందింది. బిగించుకోవడానికి తలుపు నాది కాదు ఇప్పుడు.

కొత్త కౌన్సిలు మొదటి మీటింగులోనే టీచరమ్మ తెచ్చిన రూలును తీసేసింది. మర్నాడే వడ్రంగి వచ్చాడు. అన్ని గదుల్లోనూ లోపలి గడియలు ఊడదీసి, అవే మరలతో బయట బిగించాడు. నా ఇనపదే, నేను నూనె రాసిందే, బయటికెళ్ళింది. రాత్రి డ్యూటీవాళ్ళు పగలు సరిగ్గా పడుకోకుండా తిరుగుతున్నారట, డ్యూటీలో తూలుతున్నారట. అందుకని పొద్దున ఎనిమిదికి బయట గడియ పెడతారు, సాయంత్రం నాలుగుకు తీస్తారు. మూలకి ఒక బకెట్టు.

మొన్న ముప్పయ్యో తారీఖున పొద్దున పదకొండు ప్రాంతంలో ఈల గోడ మీద తట్టింది. రెండుసార్లు. నేను సగం నిద్రలో రెండుసార్లు తట్టాను. ఉన్నాను అని. మళ్ళీ తట్టింది. మళ్ళీ తట్టాను. మూడోసారి తట్టింది మామయ్యా, నాకు విసుగొచ్చింది. ఒకసారి గట్టిగా కొట్టి అటు తిరిగి పడుకున్నాను.

నాలుగింటికి తలుపులు తీశారు. అది తలుపు దగ్గర కూర్చుని ఉంది, తల తలుపుకి ఆనించి. మందు పీల్చే డబ్బా చేతిలోనే ఉంది, ఖాళీది. కొత్తది సంచిలో డ్యూటీ లాకర్లో ఉండిపోయింది.

పాత జబ్బు అని రాసుకున్నారు. విచారణ జరగాలంటే వార్డు ఓటర్లు ముప్పైమంది సంతకం పెట్టిన అర్జీ కావాలి, అది కౌన్సిలు తీసెయ్యలేని పాత చట్టం అని టీచరమ్మ చెప్పింది. హాస్టల్లో ఆ పత్రం మీద సంతకం పెట్టనివాళ్ళు పంతొమ్మిదిమంది. వాళ్ళందరూ అర్జీ మీద పెట్టారు. బయటి ఇళ్ళవాళ్ళు గోదాము అంటే భయపడి తలుపు వేసుకుంటున్నారు. ఇంకా పదకొండు కావాలి.

మా పేర్లు మేం వెనక్కి తీసుకుంటాం అని ముప్పైమందిమి వార్డు ఆఫీసుకి వెళ్ళాం. గడువు ఈ నెల ముప్పై దాకా ఉంది. గుమాస్తా రిజిస్టరు చూసి, మేం సంతకం పెట్టిన అసలు కాగితం చూపిస్తేనే పేరు మళ్ళీ ఎక్కుతుంది అన్నాడు. ఆ కాగితాలు మీ దగ్గరే కదా ఉండాలి అంటే నవ్వాడు. "ఎప్పుడో పోయాయమ్మా, పాత ఫారాలతో పాటు బైండింగుకి."

మామయ్యా, ఏ బైండింగుకి? నా కాగితం నంబరు 217.

చిట్టెలుక


ఆగస్టు 14

చిట్టెలుకా,

నా దగ్గరికే.

నీ ఉత్తరం అందిన గంటలో రికార్డు కాపీలు బల్ల మీద పరిచి కత్తి తీసుకున్నాను. సగం అప్పటికే అప్పగించేశాను. అవి ఉన్న ఆఫీసుకి వెళ్ళి అట్టలు విప్పి మళ్ళీ కట్టిస్తానని బతిమాలాను. గెంటినంత పని చేశారు. మిగిలిన సగం నా దగ్గరుంది. తొమ్మిది రోజులుగా విప్పుతున్నాను. తడిపాను, ఆవిరి పట్టాను. నా జిగురు నేనే ఊడదీయలేకపోతున్నాను. ఇన్నేళ్ళూ దాని గురించి ఎంత గొప్పలు చెప్పుకున్నానో నీకు తెలుసు.

ఊడినా లాభం లేదు. అట్ట కొలతకి సరిపోవాలని ప్రతి కాగితాన్నీ అడుగున రెండు వేళ్ళ మేర కత్తిరించాను. సంతకాలుండేది అక్కడే. ఆ ముక్కలన్నీ జిగురు పొయ్యిలోకి పోయాయి. ఒక్కసారి, ఒక్క కాగితం చదివి ఉంటే, నీ ఊరు, నీ వార్డు, నీ రాత కనబడేవి. మా నాన్న మాట నిలబెట్టాను. దేనికి నిలబెట్టాను?

ఇప్పుడు చదువుతున్నాను. ముప్పై అయిదేళ్ళలో మొదటిసారి, చిరిగినవన్నీ వరుసగా చదువుతున్నాను. గడిలో రాసినవి మిగిలాయి. కిటికీ. ఫోను. మా తమ్ముడికి ఉద్యోగం. పగటి డ్యూటీ. ఫ్యాను. ఆదివారం సెలవు. ఒకడు ఏమీ తోచక 'మీ ఇష్టం' అని రాశాడు. అత్తయ్య పక్కన కూర్చుని వింటుంది. ఈ పిల్లల్ని నేను మంద అన్నాను. ఇవన్నీ ఎవరైనా అడక్కుండానే ఇవ్వాల్సినవి కదా అంది అత్తయ్య.

ఒకదాంట్లో ఇలా ఉంది: 'గాలి ఆడే గది. చివరిదైతే మంచిది. నాకు ఊపిరి ఆడదు.' అది ఆ పిల్లదే అయి ఉంటుంది. దాన్ని చింపలేక విడిగా పెట్టాను.

నీది దొరికింది. నిన్న. ఒక పుస్తకం వీపులో, గుడ్డ గట్టిగా నిలబడాలని మడిచి దోపిన కాగితం. దానికి జిగురు అంటలేదు, కత్తి తగల్లేదు. 217. సంతకం కింద నువ్వు చిన్నప్పటి నుంచీ పెట్టే గీత కూడా ఉంది. చెక్కుచెదరకుండా దొరికింది అదొక్కటే. మిగతా వాళ్ళవి పదైనా దొరుకుతాయని మిగిలిన వీపులన్నీ కోశాను. దొరకలేదు.

మన ఊరి ఆఫీసుకి పోయి ఆ అర్జీ మీద నేను సంతకం పెడతానన్నాను. నువ్వు ఆ వార్డు వాడివా అని అడిగారు. కాదన్నాను. మరి నోరు మూసుకుని పో అన్నారు. రికార్డులు పాడుచేశానని పని తీసేశారు. దాని గురించి నువ్వు ఆలోచించకు.

నీ కాగితం, ఊడిన ముక్కలన్నీ వేసిన సంచి రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. నీ పేరు నువ్వు తెచ్చుకో. తర్వాత ఇంటికి వచ్చెయ్. అత్తయ్య రోజూ అడుగుతోంది.

మామయ్య


ఆగస్టు 27

మామయ్యా,

కాగితం అందింది. నా పేరు జాబితాలో ఎక్కింది. గుమాస్తా దాన్ని వెలుతురులో పెట్టి నాలుగువైపులా చూశాడు, ఎక్కడా తప్పు దొరక్క రాసుకున్నాడు. అర్జీ మీద నాది ఇరవయ్యో సంతకం. ఇంకా పది కావాలి.

మిగతావాళ్ళకి నువ్వు పంపిన ముక్కల సంచి చూపించాను. తమ రాత తాము ఏరుకున్నారు. 'మీ ఇష్టం' అని రాసినవాడు దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఎవరూ నిన్ను ఏమీ అనలేదు. నేను మాత్రం ఒక రోజంతా అనుకున్నాను. ఇప్పుడు లేదు. ఆ రోజు మూడోసారి తట్టినప్పుడు లేవనిదాన్ని, నేను నిన్నేం అంటాను?

పేరు వెనక్కి తీసుకున్నాను కాబట్టి గది వెనక్కి ఇచ్చెయ్యాలట. ఆదివారం ఖాళీ చేసి మళ్ళీ ఎనిమిదిమంది గదిలోకి వెళ్ళాలి. ఇంటికి రమ్మన్నావు. ఇప్పుడే రాను. వస్తే ఈ వార్డులో నా పేరు పోతుంది, ఇరవై మళ్ళీ పంతొమ్మిది అవుతుంది.

సోమవారం కొత్త బ్యాచ్ వచ్చింది, అరవై మంది. అందరూ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళవాళ్ళు. ముందు ఈ వార్డులో పేరు ఎక్కించి, ఆ వెంటనే పత్రం చేతికిస్తున్నారు. వీళ్ళలో పదిమంది సంతకం పెట్టకుండా ఉంటే చాలు. మూడు రోజులు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కళ్ళకీ ఈల సంగతి చెప్పాను. విన్నారు, పాపం అన్నారు. ఒకమ్మాయి నన్నే చూస్తూ, "నువ్వు గదిలో ఉండి చెప్తున్నావుగా అక్కా" అంది. నీ ఇత్తడి గడియ తీసి చూపించాను, ఇది తలుపుకి లోపలివైపు ఉండాలి అన్నాను. అటూ ఇటూ తిప్పి చూసి, "లోపలెందుకు?" అంది. అరవై మందీ సంతకం పెట్టారు.

ఆ అమ్మాయికి ఈల గది ఇచ్చారు.

ఈ ఉత్తరం పగలు, గదిలోనే రాస్తున్నాను. ఇందాక, నీకు గుమాస్తా సంగతి రాస్తుండగా, గోడ మీద రెండుసార్లు తట్టిన చప్పుడైంది. నేను తిరిగి తట్టలేదు. లేచి తలుపు దగ్గరికి పరిగెత్తాను. బయట గడియ పెట్టి ఉంది. రెండు చేతులతో బాదాను, గొంతు పోయేలా అరిచాను. ఎవరూ రాలేదు. గోడకి చెవి పెట్టి, "ఏమైంది, ఏమైంది?" అని అడిగాను.

"ఏం లేదక్కా," అంది అవతల నుంచి. "అవతల ఎవరైనా ఉన్నారేమోనని తట్టాను."

నాలుగింటికి తలుపు తీస్తారు. అప్పుడు దీన్ని పోస్టులో వేస్తాను.

నీ చిట్టెలుక